చుక్క నూనె లేదు, చుక్క నీళ్లు లేవు!

నా మాట నమ్మండి, ఇన్నాళ్లూ కోడికూర పేరుతో మనం తింటున్నది నూనె, మసాలా. కోడి రుచేమిటో నాకు హుకుంపేటలో తెలిసింది. అదీ మండు వేసవిలో!

పాడేరు నుంచి అరకు వెళ్లే దారి. రోడ్డు పక్కన కట్టెల మంట మీద పచ్చి వెదురు బొంగులు ఏటవాలుగా ఆనించి ఉన్నాయి. బొంగు చికెన్ పేరు వినని తెలుగువాడెవడు? నేనూ విన్నాను. వినడం వేరు, తినడం వేరు!

అక్కడ కూర్చున్న అమ్మ ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి పట్టించి, కాస్త నిమ్మకాయ పిండింది. అంతే. ఒకవైపు కణుపు ఉన్న బొంగులోకి ఆ ముక్కలన్నీ కూరి, మూతికి అడ్డాకులు మడిచి బిరడాలా దోపింది.

"నూనె వెయ్యవా అమ్మా?"

"కోడిలో కొవ్వు లేదేటి బాబూ?"

నేనింక మాట్లాడితే ఒట్టు.

బొంగుని తిప్పుతూనే ఉంది. పైన పచ్చదనం పోయి గోధుమరంగు, ఆ తర్వాత నల్లటి బొగ్గు. లోపల మాడిపోదా? పోదు! కిటుకంతా పచ్చి వెదురులోనే ఉంది. దాని తడి, కోడి ఊరిన రసం కలిసి ఆవిరవుతాయి. లోపల తడి ఉన్నంతసేపూ వేడి నీళ్లు మరిగే వేడిని పెద్దగా దాటదు, అందుకే ముక్క మాడకుండా ఉడుకుతుంది. మూతి గట్టిగా బిగిస్తే బొంగు పేలిపోతుంది. అడ్డాకు సందుల్లోంచి ఆవిరి బుసబుసమని పోతుంది కాబట్టి ఆ భయం లేదు. ఎండు వెదురైతే బొంగే అంటుకుంటుంది. ఏ ఇంజనీరు గీసిచ్చాడండీ ఈ కుక్కర్‌ని?

విస్తట్లో బొంగు వంచగానే ముందు రసం జారింది, తర్వాత ముక్కలు. అబ్బ! ఆ వాసన! పొగ, పచ్చి వెదురు, నిమ్మ. వేలితో నొక్కితే ముక్క ఎముకని వదిలేసింది. ఆ రసం మాత్రం వదలకండి, ఆకు వంచి తాగెయ్యండి. సిగ్గెందుకు?

నగరాల్లో హోటళ్లు కొన్ని కూరని బాండీలో వండేసి, బొంగులో పోసి తెస్తాయి. అది వేషం. దాన్ని తిని దీన్ని తీసిపారెయ్యకండి.

వెళ్తే చైత్రమాసంలో వెళ్లండి. అక్కడి గిరిజనులు అప్పుడు జరుపుకునే ఇటుకల పండుగ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా నిలబడి నవ్వుతూ డబ్బులడుగుతారు, బేరాలాడకుండా ఇచ్చెయ్యండి. బొంగు కాలడానికి అరగంట పైనే పడుతుంది, నాటుకోడైతే ఇంకా ఎక్కువ. దిగగానే చెప్పేసి, ఈలోగా పక్కనే నిప్పుల మీద కాలుతున్న కోడి చీకులు తింటూ కూర్చోండి. కానీ రెండు పుల్లలకి మించొద్దు, బొంగుకి చోటుండాలి!