న్యూస్‌పేపర్లో చుట్టిన డబ్బు

జూన్ 6, శుక్రవారం రాత్రి

హిచ్‌కాక్ ‘సైకో’. 1960 సినిమా. ఇన్నాళ్లకి చూడటం. అక్క ముందే చెప్పింది, “దాని గురించి ఏమీ చదవకు, తిన్నగా చూడు” అని.

ఫీనిక్స్ ఊరు. శుక్రవారం, డిసెంబర్ 11, మధ్యాహ్నం 2:43 అని తెర మీద పడింది. నిమిషాలతో సహా. పంచనామా చదువుతున్నట్టుంది.

మేరియన్ అనే అమ్మాయి బ్యాంకులో కట్టాల్సిన ఆఫీసు డబ్బు పట్టుకుని ఊరు దాటింది. 40,000 డాలర్లు. దారిలో పోలీసు ఆపాడు. నల్లకళ్లద్దాలు. ఒక్క మాట తప్పుగా అనలేదు. నాకు అరచేతులు తడిశాయి.

తన కారు ఇచ్చేసి, పైన 700 కట్టి ఇంకో కారు కొంది. బేరమాడలేదు. అమ్మేవాడికి అక్కడే అనుమానం తగిలింది.

మోటెల్ కుర్రాడు నార్మన్ శాండ్‌విచ్‌లు, పాలు తెచ్చాడు. చచ్చిన పక్షుల్లో రంపపు పొట్టు కూరి నిలబెట్టడం అతని సరదా. ఆమె తింటుంటే ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. మంచివాడు అనిపించాడు.

గదికెళ్లి కాగితం మీద లెక్క వేసింది. నలభై వేలు, పోయినవి ఏడొందలు, మిగిలినవి 39,300. తిరిగి వెళ్లిపోదామనుకుంది. కాగితం చింపి టాయ్‌లెట్లో వేసి నీళ్లు కొట్టింది. తర్వాత స్నానానికి వెళ్లింది.

“అక్కా, ఈవిడే కదా హీరోయిన్! సగం కూడా కాలేదు, చచ్చిపోయిందేంటే?”

“ఫోన్ పెట్టేసి చూడవే.”

జూన్ 7

నిద్ర లేదు. వెంటాడింది కత్తి కాదు, శుభ్రం చేయడం.

బకెట్, మాప్, తువ్వాలు. మాటల్లేవు. నార్మన్ ముందు తన చేతులు కడుక్కున్నాడు. తర్వాత తొట్టి, గోడ, నేల. ఒక్క మరక కూడా వదల్లేదు. ఆమెను కర్టెన్‌లో చుట్టి డిక్కీలో పెట్టాడు. వెళ్తూ వెళ్తూ గదిలో ఓ న్యూస్‌పేపర్ కనపడితే అదీ తెచ్చి డిక్కీలోకి విసిరాడు. డబ్బంతా అందులోనే ఉంది. అతనికి తెలీదు. కెమెరాకి తెలుసు, నాకు తెలుసు.

కారు ఊబిలో దిగుతూ మధ్యలో ఆగిపోయింది. నార్మన్ నమలడం ఆపాడు. నేను ఊపిరి బిగబట్టాను. మునుగు, మునుగు అనుకున్నాను. ఆ పిల్ల అందులోనే ఉంది. మునిగాక హమ్మయ్య అనుకున్నాను.

జూన్ 8

ఇప్పుడు చదవొచ్చు.

స్నానాల గది సీను వారం రోజులు తీశారు. తెర మీద నిమిషం లోపే. రక్తం చాక్లెట్ సిరప్. కత్తి దిగే చప్పుడు ఖర్బూజా జాతి కాయది. అక్కడ సంగీతమే వద్దన్నాడట హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లకి రాసి వినిపించాడు. హిచ్‌కాక్ మాట మార్చుకున్నాడు. సినిమా మొత్తం తీగ వాద్యాలే. డోలు లేదు, బాకా లేదు. అంత భయం వట్టి తీగల మీదే పుట్టింది.

సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వద్దని థియేటర్లకి షరతు పెట్టాడు. సరైన పని. మేరియన్‌తో ఆ కారులో కూర్చుని రానివాళ్లకి ఆ గదిలో ఏం పోయిందో తెలీదు.

జూన్ 10

సినిమాలో నార్మన్ తల్లి గొంతు ముగ్గురిదట. ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగవాడు. ముగ్గురి మాటలూ కలిపి అతికించారు. వంటగదిలో గిన్నెలు సర్దుతుంటే గుర్తొచ్చి, వెళ్లి హాల్లో లైటు వేశాను.

జూన్ 13

మళ్లీ చూశాను. ఈసారి అన్నీ తెలిసి.

పక్షుల గది సీను. మీ అమ్మని ఎక్కడైనా చేర్పించకూడదా అంటుంది మేరియన్. ఆ మాటకి నార్మన్ ముందుకు వంగాడు. అంతవరకూ ఉన్న కుర్రాడు పోయాడు. గొంతు పెంచలేదు. ఆమె మంచికే అన్నానంటుంది. క్షణంలో మళ్లీ కుర్రాడు. మొదటిసారి జాలేసింది. ఈసారీ జాలే, ఇంకా ఎక్కువ.

చివర్లో డాక్టరు అంతా విప్పి చెప్పడం నాకు వద్దు. అన్ని మాటలు అక్కర్లేదు. నార్మన్‌గా వేసిన పెర్కిన్స్ దుప్పటి కప్పుకుని కూర్చుంటే అన్నీ తెలుస్తున్నాయి.

జూన్ 14

ఆస్కార్ నామినేషన్లు చూశాను. హిచ్‌కాక్‌కి వచ్చింది. మేరియన్‌గా వేసిన జానెట్ లీకి వచ్చింది. ఫొటోగ్రఫీకి, కళా దర్శకత్వానికీ వచ్చాయి. హెర్మన్‌కి లేదు. ఆంథొనీ పెర్కిన్స్‌కి లేదు.

అన్యాయం. అక్కకి అదే పంపాను. “అవునే, నాకూ ఇప్పటికీ మంటే” అంది.