బండి ఎంతిస్తుంది?

బండి కొన్నామని చెప్తే మనవాళ్లు రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎంతైంది, ఎంతిస్తోంది. రెండో ప్రశ్న మైలేజీ గురించి. పాడిగేదె గురించి అడిగినట్టే అడుగుతాం. ఇచ్చేదంతా దాని పొదుగులోనే ఉన్నట్టు, గడ్డీ తౌడూ సంగతి తర్వాత చూసుకోవచ్చన్నట్టు.

మూడేళ్ల కిందట నేనొక డీజిల్ ఫోర్ బై ఫోర్ కొన్నాను. ఖాళీ బరువే పద్దెనిమిది వందల కిలోలు, ఆకారం అటకమీది ట్రంకుపెట్టె. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఫోన్లో నాన్న అడిగే మొదటి మాట, "ఎంతిస్తోంది రా?"

సాఫ్ట్‌వేర్ వాడికి ఇలాంటి ప్రశ్న దొరికితే స్ప్రెడ్‌షీట్ తెరుస్తాడు, నేనూ తెరిచాను. పద్ధతి నాన్నదే. ట్యాంకు నిండా కొట్టించు, తిరుగు, మళ్లీ అదే బంకులో నిండా కొట్టించు, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించు. బండిలో తెర మీద కనిపించే అంకెని నమ్మొద్దు. నా బండిలో అది ప్రతిసారీ నా లెక్క కంటే ముప్పావు కిలోమీటరు ఎక్కువే చూపిస్తుంది.

మూడేళ్ల లెక్క చూస్తే నాన్నకి చెప్పడానికి ఒక్క జవాబు లేదు. వారమంతా హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆఫీసుకెళ్తే 9.1. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎనభైలో వెళ్తే 15.3. అదే రోడ్డు, అదే బండి, అదే నేను, నూటపదిలో వెళ్తే 11.6. వీటిలో ఏది "బండి ఇచ్చింది"?

కంపెనీవాళ్లు చెప్పే అంకె వీటన్నిటికన్నా ఎక్కువ. అలాగని అది అబద్ధమూ కాదు. మన దేశంలో ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. గదిలో, రోలర్ల మీద చక్రాలు తిప్పి చేస్తారు. మొత్తం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు కూడా లేదు. గరిష్ఠ వేగం గంటకి 90 కిలోమీటర్లు. ఏసీ కట్టేసి ఉంటుంది. ఘాటు ఉండదు, గుంత ఉండదు, వెనకసీట్లో అత్తయ్యావాళ్లు ఉండరు. రెండు బండ్లని పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది. నా జేబులోంచి ఎంత పోతుందో చెప్పడానికి పనికిరాదు. ఇది మన ఒక్కళ్ల సమస్యా కాదు. యూరప్‌లో కార్ల అధికారిక అంకెకీ రోడ్డు మీద నిజంగా అయ్యే ఖర్చుకీ మధ్య తేడా 2001లో సుమారు 9 శాతం ఉంటే, 2015 నాటికి సుమారు 42 శాతానికి చేరిందని అక్కడ లెక్క తేల్చారు. అందుకే పాత పరీక్షని పక్కనపెట్టి 2017 నుంచి కొత్తది తెచ్చుకున్నారు.

"ఫోర్ బై ఫోర్ కదా, తాగేస్తుంది" అని ఇంకో మాట వినపడుతూ ఉంటుంది. అది సగమే నిజం. నా బండిలాంటివి మామూలు రోడ్డు మీద వెనక చక్రాలతోనే నడుస్తాయి. ముందు చక్రాలకి శక్తి పంపాలంటే పక్కనున్న చిన్న లివరు వెయ్యాలి. పొడి తారురోడ్డు మీద అది వెయ్యకూడదు కూడా. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరువేరు దూరాలు తిరగాలి, వాటిని కలిపి కట్టేస్తే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. అంటే ఏడాదిలో మూడొందల అరవై రోజులు అది టూ బై ఫోరే. కానీ ఆ అదనపు గేరుపెట్టె, ముందు షాఫ్టు, ముందు డిఫరెన్షియల్, వాటి బరువూ ప్రతి రోజూ మనతోనే వస్తాయి. వాటికి తోడు లావు టైర్లు, గోడలాంటి ముఖం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఎనభై నుంచి నూటపదికి వెళ్తే అది దాదాపు రెట్టింపు. నా 15.3 మాయమై 11.6 అయింది ఎక్కువగా అక్కడే.

ఇదంతా తెలుసుకుంటున్నప్పుడు సరదాగానే ఉంది. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్న పాత పుస్తకం దొరికేవరకూ.

మాది నర్సీపట్నం. తొంభైల్లో నాన్నకి ఒక మహీంద్రా కమాండర్ జీపుండేది. డీజిల్, ఫోర్ బై ఫోర్, ప్యూజో రకం ఇంజను. మొదట్లో అద్దెకి తునికీ, అనకాపల్లికీ తిరిగేది. 1999 వానాకాలంలో చింతపల్లి అవతల పనిచేసే ఒక ఆఫీసు వాళ్లు నెలవారీ అద్దెకి తీసుకున్నారు. నాకప్పుడు పదేళ్లు. జీపు తోలే ఆయన్ని నేను మావయ్యా అనేవాణ్ణి. ఆయన నన్ను చిన్నబాబు అనేవాడు. సెలవురోజుల్లో ఒళ్లో కూచోబెట్టుకుని స్టీరింగు పట్టుకోనిచ్చేవాడు. లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే ఇంజను శబ్దం విని గేరు ఎప్పుడు మార్చాలో చెప్పమనేవాడు. "అడుగుతాది చిన్నబాబూ, అదే అడుగుతాది. ఇనాల."

ఆ ఏడాది దసరా తర్వాత మావయ్య రావడం మానేశాడు. ఎందుకని అడిగితే అమ్మ "డీజిల్ తీస్తున్నాడట" అంది. అంతే. ఇంట్లో మళ్లీ ఆయన మాట రాలేదు.

పుస్తకం నాన్న చేతిరాతలో ఉంది. తేదీ, మీటరు, లీటర్లు, చివర్లో భాగహారం. జూన్ వరకూ ప్రతి వరసలోనూ 11కి అటూఇటూ. జూలై నుంచి 7.8, 8.1, 7.9. ఆ అంకెల చుట్టూ ఎర్రసిరా గీతలు. ఒకచోట పక్కన "ట్రిప్పుకి 5 లీ." అని రాసుంది. అయిదు లీటర్ల డబ్బా మన ఊళ్లలో ఎవరికి తెలియదు? నాన్నకి ఆ అంకె వెనకాల డబ్బా కనపడి ఉంటుంది, దాన్ని పట్టుకున్న చెయ్యీ కనపడి ఉంటుంది.

ఆ రాత్రి నిద్రపట్టక కాగితం తీసుకున్నాను.

నర్సీపట్నం నుంచి ఆ పనిచేసే చోటికి రానూపోనూ 140 కిలోమీటర్లని పుస్తకంలోనే ఉంది. పదకొండు చొప్పున సమతలం మీదైతే 12.7 లీటర్లు కావాలి.

మొదటిది ఘాట్. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, మా ఊరి నుంచి చూస్తే దాదాపు తొమ్మిదొందలు ఎక్కుడు. మనుషులతో, సామానుతో జీపు బరువు 2300 కిలోలనుకుందాం. అంత బరువుని అంత ఎత్తుకి లేపడానికి 20 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు డీజిల్‌లో ఉండేది సుమారు 36. ఆ కాలపు ఇంజను అందులో పావు వంతు చక్రాలకి అందిస్తే గొప్ప. అంటే ఎక్కడానికే రెండుంపావు లీటర్లు అదనం. దిగేటప్పుడు కాలు తీసేస్తాం కాబట్టి కొంత మిగులుతుంది, కానీ ఎక్కినప్పుడు పోసిందంతా తిరిగి రాదు, మిగతాది బ్రేకుల్లో వేడిగా పోతుంది. నికరంగా ఒక లీటరు.

రెండోది బురద. చివరి పది కిలోమీటర్లు అప్పట్లో మట్టిదారి. వానల్లో లో గేరు వేసి నాలుగు చక్రాలతో లాగించాల్సిందే. అందులో ఇంజను మామూలుకి రెండున్నర రెట్లు ఎక్కువ తిరుగుతుంది, టైరు దిగబడుతూ జారుతూ ఉంటుంది. రానూపోనూ ఇరవై కిలోమీటర్లకి, లీటరుకి అయిదు చొప్పున నాలుగు లీటర్లు. మంచి రోడ్డయితే 1.8 సరిపోయేది. అదనం 2.2.

మూడోది నాకు లెక్క వేస్తే తట్టింది కాదు, గుర్తొచ్చింది. మావయ్య అక్కడికెళ్లాక ఇంజను ఆపేవాడు కాదు. సెల్ఫ్ తీసుకునేది కాదు. ఆపితే నలుగురు దిగి తోయాలి, ఆఫీసర్లు తొయ్యరు. మూడు గంటలు అలా నిలబడి తిరిగితే, గంటకి 0.6 చొప్పున 1.8 లీటర్లు.

ఒకటీ, 2.2, 1.8. మొత్తం అయిదు.

12.7కి అయిదు కలిపి 140ని భాగిస్తే 7.9.

కాగితం మీద ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూచున్నాను. లెక్క మరీ ఇంత చక్కగా కుదిరితే అనుమానించాలని నాకు తెలుసు. బురదలో అయిదు, గంటకి 0.6, ఇవి నా అంచనాలే. వాటిని కాస్త అటూఇటూ జరిపాను. జవాబు ఏడుకీ తొమ్మిదికీ మధ్య తిరిగింది. ఎంత జరిపినా పదకొండుకి మాత్రం రాలేదు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. మావయ్య డీజిల్ తియ్యలేదని ఈ లెక్క రుజువు చెయ్యదు. తీశాడనడానికి ఆ అంకె చాలదని మాత్రమే చెప్తుంది. కానీ మా ఇంట్లో ఆ అంకె తప్ప వేరే సాక్ష్యం ఎప్పుడూ లేదు. నాన్న కొలవడంలో ఏ తప్పూ చెయ్యలేదు. ఈ రోజు నేను చేసేదీ అదే కొలత. దారి మారింది, పుస్తకంలో దారికి ఒక గడి లేదు. గడి లేనిదాన్ని మనిషి మీద రాసేశాడు.

నేను అప్పుడప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను. చదివి నచ్చినవాటికి అయిదుకి ఇన్ని అని నక్షత్రాలు కూడా ఇచ్చిన పాపం నాకుంది. ఆ పుస్తకం ఎక్కడ చదివాను, ఎంత బరువు మోస్తూ చదివాను, మధ్యలో ఎన్నిసార్లు ఆగాను, వీటికి నేనూ ఎప్పుడూ గడి పెట్టలేదు. ఆ రచయితలకి నా అంకె వల్ల ఉద్యోగం పోలేదు కాబట్టి సరిపోయింది.

పొద్దున్న నాన్నకి కాగితం చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఘాట్ లెక్క రెండోసారి చూశాడు. తర్వాత పుస్తకం తీసుకుని వెనక పేజీలు తిప్పాడు, ఖర్చుల పేజీలు, నేను చూడనివి. వేలు పెట్టి చూపించాడు. జూలైలో "బ్యాటరీ - వచ్చే నెల" అని ఉంది. ఆగస్టులోనూ అదే మాట.

"అడిగాడు రా," అన్నాడు. "రెండుసార్లు అడిగాడు. ఆఫీసు బిల్లు రాలేదప్పటికి. నాలుగు నెలలు ఆపేశారు."

కాసేపాగి, "ఘాటీ ఎక్కితే అంతే అవుద్ది బాబుగారూ, అని కూడా అన్నాడు. సాకు చెప్తున్నాడనుకున్నాను," అన్నాడు.

అమ్మ కాఫీ తెచ్చి పెట్టి వెళ్లింది. ఆయన తాగలేదు. "తునిలో కొడుకు దగ్గరున్నాడని ఎవరో అన్నారు. నంబరు కనుక్కో," అన్నాడు చివరికి.

నంబరు దొరికింది. రెండు నెలలవుతోంది, ఇంకా చెయ్యలేదు. నాన్న కూడా ఆదివారాలు ఫోన్లో ఎంతిస్తోందని అడగడం మానేశాడు. చేశావా అని మాత్రం అడుగుతాడు. ఏం చెప్పాలో తెలియడం లేదు. మావయ్యా, లెక్క సరిపోయింది అనా? జౌళ్లూ భాగహారాలూ వేసి పాతికేళ్ల తర్వాత నేను తేల్చింది ఆయన ఆ రోజే ఒక్క ముక్కలో చెప్పాడు. లెక్క కావల్సింది మాకే, ఆయనకి కాదు.

వచ్చే నెల ఊరెళ్తున్నాను. ఈసారి నర్సీపట్నంలో ఆగి నాన్నని ఎక్కించుకుని తుని వెళ్లాలని అనుకున్నాం. చదునైన రోడ్డు, ఇద్దరమే, సామాను లేదు. బండికి పెద్ద కష్టమేం ఉండదు.