సూర్యుడి కడుపులో సాగే దారం

2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ధ్రువాల దగ్గర కనిపించాల్సిన వెలుగు హిమాలయాల దాకా దిగొచ్చింది! కారణం 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉంది... సూర్యుడి మీద ఓ పెద్ద మచ్చల గుంపు. మచ్చలంటే లోపలి అయస్కాంత క్షేత్రం మెలితిరిగి పైకి పొడుచుకొచ్చిన చోట్లు. ఆ మెలికలు తెగితే విద్యుదావేశ కణాలు అంతరిక్షంలోకి ఎగజిమ్ముతాయి.

చూడ్డానికి అందమే. కానీ 1989 మార్చి 13న ఇలాంటి తుపానే కెనడాలోని క్యూబెక్‌లో కరెంటు సరఫరాను నిమిషంన్నరలో కుప్పకూల్చింది. 60 లక్షల మంది దాదాపు తొమ్మిది గంటలు చలిలో, చీకట్లో గడిపారు.

ఇంతకీ ఆ మెలిక ఎక్కడ మొదలవుతుంది? సూర్యుడు గట్టి బంతి కాదు. నడుము భాగం ఒక చుట్టు తిరగడానికి సుమారు 25 రోజులు, ధ్రువాలకైతే 35 రోజులు పడుతుంది. ఈ తేడాకే క్షేత్రం దారపు ఉండలా చుట్టుకుంటుంది. ఇదంతా రెండు లక్షల కిలోమీటర్ల లోతున జరుగుతుందన్నది చాలాకాలంగా ఎక్కువమంది నమ్మిన మాట.

2024 మేలోనే, అంటే ఆ తుపాను వచ్చిన నెలలోనే, 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకో మాట చెప్పింది. క్షేత్రం పుట్టేది పైపొరల్లోనేనట, మహా అయితే వ్యాసార్ధంలో పదోవంతు లోతున! దానికి ఆధారం పాత లెక్కే. 1959లో రష్యాలో వెలిఖోవ్, 1960లో షికాగోలో మన సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ రాసిపెట్టిన అస్థిరత అది.

గుండ్రంగా తిరిగే వాయువులో లోపలి ముద్ద వేగంగా, బయటిది నెమ్మదిగా పోతున్నాయనుకోండి. అయస్కాంత రేఖ వాటిని రబ్బరు దారంలా కలిపి ఉంచుతుంది. రబ్బరు దగ్గరికి లాగాలి కదా? ఇక్కడ తిరకాసు! వెనక్కి లాగబడిన లోపలి ముద్ద ఇంకా లోపలికి జారి మరింత జోరందుకుంటుంది. ముందుకు లాగబడిన బయటిది ఇంకా బయటికి జరిగి వెనకబడుతుంది. దారం సాగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, దాంతో చిక్కూ పెరుగుతుంది. సూర్యుడి పైపొరల్లో వేగం సరిగ్గా ఇలాగే బయటికి పోయేకొద్దీ తగ్గుతుంది.

ఈ లెక్కను ముప్పై ఏళ్లపాటు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 1991లో బాల్బస్, హాలీ దాన్ని కృష్ణబిలాల చుట్టూ తిరిగే వాయువుకు అన్వయించాకే దాని విలువ తెలిసింది. 1995లో కన్నుమూసిన చంద్రశేఖర్ అది చూడగలిగారు. సూర్యుడి దాకా వచ్చింది మాత్రం చూడలేకపోయారు.

పైపొరల వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే మాత్రం తుపాన్లను ముందే పసిగట్టే పని కొంత తేలికవుతుంది. లోతున ఉన్నదానికంటే పైనున్నదాన్ని కొలవడం సులువు మరి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్‌1 చూసేది సూర్యుడి పైభాగాన్నీ చుట్టూ ఉన్న వాతావరణాన్నీ. లోపలి కబురు తెలియాలంటే అయిదేసి నిమిషాలకోసారి ఉబ్బి తగ్గే ఉపరితలాన్ని కనిపెట్టుకుని ఉండాలి. అందుకోసం ప్రపంచవ్యాప్తంగా పెట్టిన ఆరు కేంద్రాల్లో ఒకటి మన ఉదయపూర్‌లోనే ఉంది.