రంగం మసీదు నుంచి చినార్ల వీధి దాకా

అబాదాన్, 2019 మార్చి 14

నాన్నా,

ఇక్కడ అర్వంద్ నది ఒడ్డున, చమురు శుద్ధి కర్మాగారానికి ఆనుకుని ఒక చిన్న మసీదు ఉంది. పేరు ‘రంగూనీల మసీదు’. మన కాకినాడ వైపు పెద్దవాళ్ళు ‘రంగం’ అనే ఊరే ఆ రంగూన్. ఈ ఫ్యాక్టరీ కట్టిన కంపెనీ వెనక ఉన్నది బర్మా ఆయిల్ డబ్బు. అందుకే పని తెలిసినవాళ్ళను రంగం నుంచీ, మన దేశం నుంచీ ఓడల మీద తెచ్చుకుంది. వాళ్ళు కట్టుకున్న మసీదు ఇది. ముందు గోడ మీది సున్నపు నగిషీ చూస్తే ఇరాన్‌లో ఉన్నట్టే ఉండదు.

ఈ దేశం పడమటి రాజ్యాల మీద పెంచుకున్న కోపానికి మొదలు వెతికితే ఈ ఊరికే రావాలి. 1901లో అప్పటి షా, విలియం నాక్స్ డార్సీ అనే లండన్ ధనవంతుడికి 60 ఏళ్ళకు చమురు హక్కు రాసిచ్చాడు. బదులుగా వచ్చింది 20 వేల పౌన్ల నగదు, అంతే విలువగల షేర్లు, లాభంలో 16 శాతం. 1908లో మస్జిదె సులేమాన్ దగ్గర చమురు పడింది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వమే ఫ్యాక్టరీ కట్టిన ఆ కంపెనీలో సగానికి పైగా వాటా కొనేసింది. లాభం ఎంతో చూసుకుందామంటే ఖాతాలు ఇరాన్ చేతికి రావు. 1950 నాటికి ఇరాన్‌కు అందిన రాయల్టీ కంటే లండన్ ఖజానాకు పన్నుగా వెళ్ళిందే ఎక్కువ. దొరలకు బ్రైమ్ పేటలో తోటల మధ్య బంగళాలు. కూలీలకు కాగజాబాద్, అంటే కాగితాల ఊరు: అక్కడ నూనె పీపాల రేకులే ఇళ్ళు. బ్రైమ్ బంగళాలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

టెహ్రాన్, మార్చి 17

నాన్నా,

ఈ నగరంలో చరిత్ర తెలియాలంటే వీధుల పేర్లు చదివితే చాలు. బ్రిటిష్ ఎంబసీ పక్కవీధి ఒకప్పుడు విన్‌స్టన్ చర్చిల్ పేరు మీద ఉండేది. ఇప్పుడది బాబీ శాండ్స్ వీధి. 1981లో బ్రిటిష్ జైల్లో నిరాహారదీక్ష చేసి చనిపోయిన ఐరిష్ యువకుడాయన.

తాలెగానీ వీధిలో పాత అమెరికన్ ఎంబసీ గోడ మీద పుర్రె ముఖంతో స్వేచ్ఛా విగ్రహం బొమ్మ ఉంది. 1979 నవంబర్ 4న విద్యార్థులు గోడ దూకింది ఇక్కడే. 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. ఎంబసీ సిబ్బంది యంత్రంలో వేసి చీల్చిన రహస్య పత్రాలను ఆ విద్యార్థులు పోగుపోగుగా అతికించి, పుస్తకాలుగా అచ్చు వేశారు. అమెరికాలో చాలామంది ఇరాన్ కథ ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ఇక్కడివాళ్ళ లెక్క ఇంకో 26 ఏళ్ళు వెనక్కి పోతుంది. విప్లవంతో పారిపోయిన షాను వైద్యానికని అమెరికా చేర్చుకోగానే, 1953 కుట్రలో లాగే మళ్ళీ తెచ్చి కూర్చోబెడతారని వాళ్ళు భయపడ్డారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అలాగని ఉద్యోగం చేసుకునే మనుషుల కళ్ళకు గంతలు కట్టి ఊరేగించడాన్ని అది ఒప్పు చేయదు. రెండూ రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది.

టెహ్రాన్, మార్చి 20

నాన్నా,

ఇవాళ ఇరాన్ క్యాలెండర్‌లో ఏడాది చివరి రోజు, ఎస్ఫంద్ 29. చమురు జాతీయకరణ జరిగిన రోజని దేశమంతా సెలవు. 1951లో ఇదే రోజున చట్టం పూర్తయింది. దాన్ని నడిపించిన మొహమ్మద్ మొసాద్దెగ్ ఆ వసంతంలోనే ప్రధాని అయ్యారు. బ్రిటన్ ఇరాన్ చమురు కొనేవాళ్ళు దాదాపు లేకుండా చేసింది, హేగ్ న్యాయస్థానానికి వెళ్ళింది. ఆ వ్యాజ్యం తమ పరిధిలోకి రాదని 1952లో న్యాయస్థానం తేల్చింది. కోర్టులో కానిది డబ్బుతో అయింది. 1953 ఆగస్టు 15 రాత్రి మొసాద్దెగ్‌ను దించే మొదటి ప్రయత్నం బెడిసికొట్టి, షా బాగ్దాద్ మీదుగా రోమ్ పారిపోయాడు. నాలుగు రోజులకే, 19న, సీఐఏ మనిషి కెర్మిట్ రూజ్‌వెల్ట్ పంచిన డబ్బుతో గుంపులు రోడ్డెక్కాయి, ట్యాంకులు మొసాద్దెగ్ ఇంటిని పేల్చాయి. మరుసటి ఏడు కుదిరిన ఒప్పందంలో బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికన్ కంపెనీలకు 40 శాతం. కుట్ర ఎందుకు జరిగిందో ఆ వాటాలే చెబుతాయి. దాన్ని నడిపింది తామేనని సీఐఏ పత్రాలు ఒప్పుకున్నది 2013లో.

మొసాద్దెగ్‌కు మూడేళ్ళు జైలు, ఆ తర్వాత చనిపోయేదాకా అహ్మదాబాద్ అనే పల్లెలో గృహనిర్బంధం. 1967లో పోయారు. తన పక్షాన పోరాడి నేలకొరిగినవాళ్ళ పక్కనే పాతిపెట్టమన్నారు. షా ఒప్పుకోలేదు. ఇంట్లో, భోజనం చేసే గది నేలలోనే సమాధి చేశారు.

విప్లవం వచ్చాక ఇక్కడి పెద్దవీధికి పహ్లవీ పేరు తీసి మొసాద్దెగ్ పేరు పెట్టారు. అది కొద్దికాలమే. మతపెద్దల ప్రభుత్వానికి ఆయనా గిట్టలేదు, వీధి వలీఅస్ర్ అయింది. ఎవరి పేరున్నా రెండు వైపులా చినార్ చెట్లు అవే, వాటి మొదట్లో కాలవల నీళ్ళూ అవే.

ఆ చెట్ల కింద ఇవాళ నౌరోజ్, అంటే కొత్త ఏడాది పండుగ, సంత. గోధుమ మొలకల పళ్ళేలు, నీటి గిన్నెల్లో ఎర్రచేపలు, వెల్లుల్లి, వెనిగర్. ఒక ముసలమ్మ మొలకల పళ్ళెం ధర అడిగి కింద పెట్టి, కాసేపటికి మళ్ళీ వచ్చి అందులోకెల్లా చిన్నది తీసుకుంది. కిందటేడు మేలో అమెరికా అణు ఒప్పందం నుంచి తప్పుకున్నాక ఆంక్షలు తిరిగొచ్చాయి. ప్రభుత్వం డాలరు 4,200 తుమాన్లంటుంది, బజారులో దానికి మూడింతలు. మన బ్యాంకు కార్డులు ఇక్కడ పనిచేయవు, నోట్ల కట్టలు వెంట ఉంచుకోవాల్సిందే.

రాత్రి 1.28కి ఏడాది మారుతుంది. కింది వాటా ఇంటివాళ్ళు పళ్ళెం సర్దుకుని, రమ్మని ఇప్పుడే పిల్లాణ్ణి పంపారు. తర్వాతి ఉత్తరం షిరాజ్ నుంచి.