వోల్టుకు ఒక స్థాయి

2024 మార్చి 3, ఆదివారం, సింగానల్లూరు, కోయంబత్తూరు

మామ ఇంటి అటక మీద నుంచి సింథసైజర్ దించినాము. 1970ల చివర ఎలెక్టర్ పత్రికలో వచ్చిన ఫార్మాంట్ నమూనా చూసి ఆయన సొంతంగా కట్టుకున్న మాడ్యులర్ పెట్టె ఇది. ఆసిలేటర్లు, ఫిల్టర్, యాంప్లిఫయర్ దేనికది విడి పలక. తీగలతో కలిపితేనే నాదం వస్తుంది.

"ప్లగ్గు పెట్టొద్దు రా. ముందు పవర్ సప్లయి విడదీసి కొలువు" అన్నాడు మామ. +15 వోల్టుల వైపు సరిగానే ఉంది. −15 వైపు 11 దగ్గర ఊగుతోంది, 100 హెర్ట్జ్ హమ్ కూడా ఉంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయినాయి. ఒకటి రెండు కాదు, అన్నీ మార్చాలి.

మూత లోపల మామ రాసుకున్న గుర్తులు కనబడినాయి. మాటలు మన తెలుగే, అక్షరాలు తమిళం. ఆయన బడిలో నేర్చింది ఆ లిపే. అవన్నీ ఈ పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను.

మార్చి 9, శనివారం

కెపాసిటర్లు మార్చినాను. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. వీధి చివర మోటార్లకు వైండింగ్ చేసే అన్న పాత చుట్టు విప్పి, లెక్కపెట్టి, మళ్లీ చుట్టి ఇచ్చినాడు. 1937లో జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి మోటారు తయారుచేసిన ఊరు ఇది. సంగీత యంత్రాలు బాగుచేసే అంగడి దొరక్కపోయినా, రాగి తీగ తెలిసిన చేతులకు ఇక్కడ కొదవ లేదు.

మార్చి 17, ఆదివారం

ఈ రోజంతా శ్రుతితోనే గడిచింది. ఒక వోల్టు పెంచితే ఒక స్థాయి పైకి పోవాలి. అంటే స్వరస్థానానికి 83.3 మిల్లీవోల్టులు. రెండో ఆసిలేటర్ ఎండ ఎక్కేకొద్దీ జారుతోంది. అందులోని µఏ726 చిప్ తనను తాను వేడిగా ఉంచుకుంటేనే స్వరం నిలుస్తుంది. ఆ హీటర్ చచ్చిపోయింది. ఆ చిప్ ఇప్పుడు తయారీలో లేదు. సరిజోడు ట్రాన్సిస్టర్లు రెండు ఎంచి అంటించి, డిగ్రీకి 0.33 శాతం మారే రెసిస్టర్ కలిపినాను.

శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని అత్త విన్నది. "పంచమం ఒక్క పిసరు తక్కువ" అన్నది. కీబోర్డు సమాన విభాగంలో పంచమం 583 మిల్లీవోల్టులు, 3:2 లెక్కన అయితే 585. ఆ రెండు మిల్లీవోల్టులు నిదానమైన ఊపుగా ఆమె చెవికి అందినాయి. నా మీటరు కన్నా ఆ చెవినే నమ్ముతాను.

ఏప్రిల్ 14, ఆదివారం

అహ్మదాబాద్ ఎన్.ఐ.డి. (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) టేపుల సంకలనం మామకు వినిపించినాను. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ మూగ్ మాడ్యులర్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటుచేసినాడు. గీతా సారాభాయ్ వంటివాళ్లు కొన్నేళ్లు దాని మీద పనిచేసినారు, తర్వాత ఆగిపోయింది. టేపులు దాచి ఉండబట్టి పాల్ పర్గస్ వెదికి తీయగలిగినాడు, 2023లో లోకం వినగలిగింది. మామ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. టేపు దాచడం ఎంత ముఖ్యమో, యంత్రం పక్కన దాన్ని విప్పగల మనిషి ఉండడం అంతే ముఖ్యం అని నాకు గట్టిగా అనిపించింది.

ఇకమీద నెలకొకసారి అరగంట కరెంటు ఇచ్చి వాయించాలి. జాక్‌లకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తీగ నాలుగుసార్లు దూర్చి తీయాలి. కొలిచిన వోల్టేజీలు తేదీతో ఇక్కడే రాయాలి.

నా తర్వాత దీన్ని విప్పేవాళ్లకు ఒక మాట: రెండో ఆసిలేటర్‌లో ఉన్నది అసలు చిప్ కాదు. మామ నమూనా పటం చూసి దాన్ని సరిచేయబోకండి, ఈ పుటల్లో నేను గీసిన పటం చూడండి.