గొట్టం తోసే తొందర

మగవారి మూత్రమార్గం ప్రొస్టేట్ గ్రంథిని దాటే చోట కటి ఎముకలను అంటిపెట్టుకుని ఉంటుంది. విశాఖలో పోర్టుకూ స్టీలు ప్లాంటుకూ తిరిగే ట్రెయిలర్ కింద బైకు పడి ఆ ఎముకలు విరిగితే, మార్గం అక్కడే చిరుగుతుంది, లేదా రెండు ముక్కలవుతుంది. ఆడవారిలో ఇది పొట్టిది కనుక ఈ గాయం అరుదు. సెంట్రింగు పనిలో కాలు జారి, దూలానికి చెరో కాలూ వేసి పడ్డవాళ్లకు ఎముక విరగకుండానే మార్గం నలిగి, వృషణాల వెనక నల్లగా కములుతుంది.

గుర్తులు దాక్కునేవి కావు. అంగం కొసన నెత్తుటి బొట్టు, ఒంటేలు రాకపోవడం, పొత్తికడుపు ఉబ్బడం. ఆ బొట్టు కనిపిస్తే ముందు మార్గంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీయాలి; మూత్రం తీసే గొట్టం (కేథెటర్) సంగతి ఆ తర్వాత. గోపాలపట్నం నుంచి ఎన్‌ఏడీ, కంచరపాలెం దాటి వెళ్తే కేజీహెచ్ పెద్దాసుపత్రిలో యూరాలజీ విభాగమే ఉంది. అయినా రోగి ముందు వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికే చేరతాడు. "పేనం పోతంది, పైపేసీండి బాబూ" అంటే ఆయన మనసు కరుగుతుంది. జాలి మంచిదే, దాని చేతిలో కేథెటర్ ఉండడమే చిక్కు. సగం చిరిగిన మార్గాన్ని ఆ గొట్టం పూర్తిగా తెంపుతుంది. ఒక్కోసారి చిరుగులోనే బెలూన్‌ను నింపేస్తారు. సంచిలోకి వచ్చేది నెత్తురే, అయినా "పైపు పడింది" అని చీటీ రాసి మరీ పంపుతారు. అనుభవమున్న డాక్టరు ఒక్కసారి, మెల్లగా ప్రయత్నించవచ్చు. మొండిగా తొయ్యడానికి ఏ పుస్తకమూ ఒప్పుకోదు.

మూత్రాశయం సంగతి వేరు. పూటుగా తాగి, మూత్రం నిండిన పొట్టతో పడ్డవాడికి దాని పైభాగం పగిలి మూత్రమంతా కడుపులోకి చేరుతుంది. అది తిరిగి రక్తంలోకి ఇంకితే క్రియాటినిన్ పెరుగుతుంది. కిడ్నీలు పోయాయని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఈ చిల్లును ఆపరేషన్ చేసి కుట్టాల్సిందే. కడుపు పొరకు బయట చిరిగితే చాలావరకు గొట్టంతోనే రెండు మూడు వారాల్లో మానుతుంది.

తెగిన మార్గానికి వైద్యం పొడిమాటల్లో చెప్పొచ్చు: పొత్తికడుపులోంచి గొట్టం, సుమారు మూడు నెలలు ఆగి, రెండు కొసలూ కలిపి కుట్టడం. ఆ మూడు నెలలే గండం. లుంగీ కింద సంచి కట్టుకున్న మనిషి పెళ్లిళ్లకు వెళ్లడు, గొట్టం మార్పించుకోవడానికీ రాడు. దాని చుట్టూ రాయి కట్టాక వస్తాడు. ఆపరేషన్ అయ్యాక ధార మళ్లీ సన్నబడితే గోడ పక్కన ఎక్కువసేపు నిలబడతాడు తప్ప ఎవరితోనూ అనడు. తిట్టబోతే తల దించుకుంటాడు. ఆపైన తిట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

అంగస్తంభన గురించి అసలే అడగడు. ఆ నరాలు దెబ్బతినేది సాధారణంగా ఎముక విరిగిన నాడే. మొదటి కేసు షీటులో ఆ ప్రశ్న, జవాబు రాసి ఉండకపోతే ఆర్నెల్ల తర్వాత నింద ఆపరేషన్ మీద పడుతుంది.