సర్కారు కడతానన్న అద్దె

అద్దె బాకీ చట్టం దృష్టిలో ఇద్దరి మధ్య లెక్క. మూడో పక్షం వచ్చి, మీ తరఫున నేను కడతానని లోకమంతా వినేలా ప్రకటించి వెళ్లిపోతే ఆ బాకీ ఎవరిది? ఢిల్లీలో ఈ ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది.

2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ, వలస కూలీలను నెలరోజుల పాటు అద్దె అడగవద్దని ఉత్తర్వు ఇచ్చింది. అదే రోజు ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ మరో అడుగు ముందుకు వేశారు. రెండు మూడు నెలలు వసూళ్లు వాయిదా వేసుకోవాలని యజమానులను కోరుతూ, పేదరికం వల్ల కట్టలేనివారి అద్దెను ప్రభుత్వమే చెల్లిస్తుందని విలేకరుల సమావేశంలో చెప్పారు. ఆ మాటను వార్తగా రాసినవారిలో నేనూ ఉన్నాను.

మా ఇంట్లో వంట చేసే ఆమె సంగమ్ విహార్‌లో ఒంటిగదిలో ఉండేది. అద్దె నెలకు 4,000. లాక్‌డౌన్ సడలాక యజమాని నాలుగు నెలల బాకీ చూపాడు. జూన్ అద్దె నగదుగా ఇచ్చానని ఆమె వాదన. రసీదు లేదు, ఒప్పంద పత్రం లేదు. మాట సాయానికి నన్ను రమ్మంది.

యజమాని దుర్మార్గుడేమీ కాదు. కింద చిన్న కిరాణా కొట్టు, పైన అప్పు చేసి కట్టిన నాలుగు గదులు. ‘ముఖ్యమంత్రి ఇస్తానన్నారు కదా సార్, ఏ ఆఫీసుకు వెళ్లాలో చెప్పండి, నేనే వెళ్లి తెచ్చుకుంటాను’ అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అలాంటి ఆఫీసు లేదు.

1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం రసీదు అడిగే హక్కు ఇస్తుంది. యజమాని అద్దె తీసుకోకపోతే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేసే వీలూ కల్పిస్తుంది. అయితే నెల అద్దె 3,500 దాటితే ఆ చట్టం వర్తించదు. కన్నాట్ ప్లేస్‌లో పాత అద్దెకు సాగే దుకాణాలకు దొరికే రక్షణ సంగమ్ విహార్ ఒంటిగదికి దొరకదు. కరెంటు సంగతీ అంతే. 200 యూనిట్ల దాకా బిల్లు లేదని 2019 ఆగస్టులో ప్రకటించారు. అద్దెకున్నవారికి విడిగా మీటర్ ఇచ్చే పథకమూ ఆ తర్వాతి నెలలో వచ్చింది. దానికి ఒప్పంద పత్రమో అద్దె రసీదో ఉండాలన్నారు. అవేవీ లేని ఆమె సబ్‌మీటర్ లెక్కన యూనిట్‌కు 8 రూపాయలు యజమానికే కట్టేది.

చివరకు ఆమె కూతురి నోటు పుస్తకమే సాక్ష్యమైంది. ఇచ్చిన తేదీలన్నీ ఆ పిల్ల వెనుక పేజీలో రాసిపెట్టింది. యజమాని చాలాసేపు చూసి జూన్‌ను వదులుకున్నాడు. మిగిలిన 12,000 నెలకు వెయ్యి చొప్పున, సెప్టెంబర్ నుంచి.

2021 జూలై 22న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ తీర్పు వచ్చింది. ముఖ్యమంత్రి ఇచ్చిన హామీ అమలుకు అర్హమైనదేననీ, ప్రభుత్వం ఆరు వారాల్లో నిర్ణయం తీసుకోవాలనీ ఆదేశించారు. ఆమె బాకీలో అప్పటికి ఆఖరి వెయ్యి మిగిలి ఉంది. విషయం చెబితే ఆమె వేసిన ప్రశ్న ఒక్కటే: ‘ఆ డబ్బు నాకిస్తారా భాయీసాబ్, ఓనరుకిస్తారా?’

విధానం రాసేవారు మొదట తేల్చవలసిన ప్రశ్న అదే. ఎవరికి, ఏ కాగితం చూసి, ఎన్ని నెలలకు? అవేవీ లేని హామీ యజమానికి వసూలు కాదు, అద్దెకున్నవారికి రక్షణ కాదు. తాము చేసింది విజ్ఞప్తే తప్ప వాగ్దానం కాదని ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. సెప్టెంబర్ 27న డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేసింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసిన నమూనా అద్దె చట్టాన్ని కేంద్ర మంత్రివర్గం అదే ఏడాది జూన్‌లో ఆమోదించింది. అది నమూనాయే, రాష్ట్రాలు స్వీకరిస్తేనే చట్టం.

ఆమె ఆఖరి వాయిదా ఆగస్టులో కట్టేసింది. ఈసారి ఫోన్‌లో పంపి, వచ్చిన సందేశాన్ని చెరిపేయవద్దని కూతురికి గట్టిగా చెప్పింది.